ఖాళీ గడుల్లో దాగిన కారు

అమెరికాలో వర్జీనియాలోని జార్జ్ మేసన్ విశ్వవిద్యాలయం దగ్గర ఒక టొయోటా యారిస్ కారు ఉంది. 2010 నాటి సెడాన్. కావాలన్న వాళ్లెవరైనా దాన్ని ఉచితంగా దింపుకోవచ్చు, ఎందుకంటే అది ఉన్నది ఫైలు రూపంలో. జిప్ విప్పి, లోపలున్న పెద్ద ఫైలును నోట్‌ప్యాడ్ లాంటి దాంట్లో తెరిచి చూడండి. కారు ఎక్కడా కనబడదు. చక్రం లేదు, తలుపు లేదు, రంగు అసలే లేదు. ఎటు చూసినా అంకెలే. ఒక పూర్ణాంకం, దాని పక్కన మూడు దశాంశ సంఖ్యలు. మళ్లీ ఒక పూర్ణాంకం, మళ్లీ మూడు. అలా లక్షల వరసలు. మధ్యమధ్యలో నక్షత్రం గుర్తు పెట్టుకుని నోడ్, పార్ట్, ఎలిమెంట్ షెల్, సెక్షన్, కాంటాక్ట్ అని ఒక్కో మాట, అంటే కీవర్డ్.

ఈ అంకెలు ఎవరో కూర్చుని ఊహించినవి కావు. కారును నిజంగానే కొన్నారు. నట్టు నట్టూ విప్పారు. ఒక్కో రేకునూ కొలిచి, కంప్యూటర్లో దాని ఆకారం గీసి, ఆ ఆకారాన్ని కొన్ని మిల్లీమీటర్ల చదరపు ముక్కలుగా చీల్చారు. ఆ ముక్క పేరు ఎలిమెంట్, దాని మూల పేరు నోడ్, ముక్కలన్నీ కలిసిన అల్లిక పేరు మెష్. రేకుల నుంచి నమూనాలు కోసి, యంత్రంలో పెట్టి తెగేదాకా లాగి, ఏ బలానికి ఎంత సాగిందో రాసుకున్నారు. చివరికి 917 భాగాలు, సుమారు 15 లక్షల ఎలిమెంట్లు తేలాయి. ఈ పని మొదట జార్జ్ వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలోని జాతీయ క్రాష్ విశ్లేషణ కేంద్రంలో జరిగింది. డబ్బు అమెరికా రహదారుల శాఖది. రోడ్డు పక్క ఇనుప కంచెలను పరీక్షించడానికి అమెరికాలో 1100 కిలోల చిన్న కారును ఒక ప్రమాణంగా పెట్టుకున్నారు. ఆ కొలతకు ఈ యారిస్ సరిపోయింది.

ఈ ఫైలు రాసింది ఎల్ఎస్-డైనా అనే సాల్వర్ కోసం. సాల్వర్ అంటే ఈ అంకెలన్నిటినీ మింగి, కారు గోడను గుద్దుకున్నాక మిల్లీసెకనులో వెయ్యో వంతు చొప్పున ఏ మూల ఎటు జరిగిందో లెక్కగట్టే ప్రోగ్రాం. లోకంలో అలాంటివి ఇంకా ఉన్నాయి: రేడియోస్, పామ్-క్రాష్, అబాకస్. ఒకదాని ఫైలు ఇంకొకదానికి పెట్టాల్సిన అవసరం రోజూ వస్తుంది. కార్ల కంపెనీ ఒక సాల్వర్ వాడుతుంది, సీట్లు చేసే కంపెనీ మరొకటి వాడుతుంది. లైసెన్సు గడువు తీరుతుంది, యాజమాన్యం మారుతుంది. మార్చడానికి హైపర్‌మెష్, ఆన్సా వంటి సాఫ్ట్‌వేర్లలో బటన్లూ ఉన్నాయి. నొక్కితే ఫైలు మారుతుంది. తెర మీద కారు చెక్కుచెదరకుండా కనబడుతుంది కూడా. అసలు తిరకాసు ఆ తర్వాతే మొదలవుతుంది. క్రాష్ మోడల్లో సగం సంగతి ఫైలులో రాసి ఉంటుంది. మిగతా సగం రాయకుండా వదిలేసిన గడుల్లో ఉంటుంది. ఆ గడులు నింపేది సాల్వర్. ఒక్కో సాల్వర్ ఒక్కో రకంగా నింపుతుంది.

ఎల్ఎస్-డైనా మూలానికి కార్లతో సంబంధం లేదు. 1976లో కాలిఫోర్నియాలోని లారెన్స్ లివర్‌మోర్ ప్రయోగశాలలో జాన్ హాల్‌క్విస్ట్ డైనా3డీ రాసింది ఒక అణుబాంబు కోసం. తక్కువ ఎత్తు నుంచి విమానం వదిలిన బాంబు నేలను తాకితే దాని పైతొడుగు ఎలా నలుగుతుందన్నది ప్రశ్న. ఆ బాంబు పథకాన్ని తర్వాత ఆపేశారు, ప్రోగ్రాం మాత్రం మిగిలింది. 1978లో దాని సోర్స్ కోడ్ ప్రయోగశాల గోడలు దాటింది. దాన్ని ఎవరెవరో తీసుకుని, తమ తమ అవసరాలకు మలుచుకుంటూ పోయారు. 1980ల చివర్లో హాల్‌క్విస్టే బయటికొచ్చి సొంత కంపెనీ పెట్టి ఎల్ఎస్-డైనాను అమ్మడం మొదలుపెట్టాడు. ఈలోగా యూరప్‌లో ఈఎస్ఐ కంపెనీ 1986లో ఒక ఫోక్స్‌వ్యాగన్ పోలోను గంటకు 50 కిలోమీటర్ల వేగంతో కాంక్రీటు గోడకు గుద్దించింది, కంప్యూటర్లోనే. ముందు భాగానికి వాడినవి దాదాపు 5,500 ఎలిమెంట్లు. 60 మిల్లీసెకన్ల ప్రమాదాన్ని లెక్కగట్టడానికి క్రే-1 సూపర్ కంప్యూటర్‌కు నాలుగు గంటలు పట్టింది. అప్పటి 5,500కూ ఇప్పటి 15 లక్షలకూ పోలికే లేదు. ఫైలు రాసే పద్ధతి మాత్రం అప్పటిదే.

ఆ పద్ధతి పంచ్ కార్డుల నాటిది. అట్టముక్కకు చిల్లులు పెట్టి కంప్యూటర్‌కు అందించిన రోజుల్లో ఒక కార్డుకు 80 నిలువు వరసలుండేవి. ఎల్ఎస్-డైనా మాన్యువల్‌లో ఇప్పటికీ ఒక్కో పంక్తి పేరు కార్డే. మామూలు కార్డులో ఎనిమిది గడులు, గడికి పది స్థానాలు. నోడ్ కార్డు లెక్క వేరు: నోడ్ నంబరుకు 8 స్థానాలు, మూడు నిరూపకాలకు తలా 16. ఏ అంకె ఏ గడిది అన్నది దాని స్థానాన్ని బట్టే తేలుతుంది. కామాలు పెట్టి రాసే వీలున్నా, చాలా ఫైళ్లు స్థానాల లెక్కలోనే వస్తాయి. ఉక్కు ఎంత బిగువో చెప్పే యంగ్ గుణకం, 210000 అనే సంఖ్య, తన గడిలో కుడి అంచుకు ఆనుకుని ఉందనుకోండి. ఎవరో చేత్తో దిద్దుతూ ముందు ఒక ఖాళీ ఎక్కువ కొట్టారు. అంకెలన్నీ ఒక స్థానం కుడికి జరుగుతాయి. చివరి సున్నా పక్క గడిలో పడుతుంది. ఈ గడిలో మిగిలింది 21000. ఆ ఉక్కు ఇప్పుడు అల్యూమినియంకన్నా మూడు రెట్లకు పైగా మెత్తన. సాల్వర్ నోరెత్తదు. 21000 గుణకమున్న పదార్థం ఉండకూడదని దానికెవరూ చెప్పలేదు.

తెరవడంలో వచ్చే చిక్కులు చాలావరకు తేలికవే, త్వరగా చెప్పేస్తాను. కారు ఫైలు ఒక్కటే ఉండదు. తల్లి ఫైలు ఒకటి, అది ఇన్‌క్లూడ్ అనే కార్డుతో పిలిచే పిల్ల ఫైళ్లు ఇంకెన్నో. తల్లిని ఒక్కదాన్నే కాపీ చేసుకొచ్చి, టైర్లు లేవు, గోడ లేదు అని వెతుక్కునేవాళ్లు ఎక్కువ. ఇక కొంతమంది చేతిలో ఉండేది ఫలితాల ఫైలు. ఎల్ఎస్-డైనాలో దాని పేరు డీ3ప్లాట్. అది అంకెల పాఠం కాదు, బైనరీ. నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే పిచ్చిగీతలు వస్తాయి. ఎల్ఎస్-ప్రీపోస్ట్‌లో తెరిస్తే నలిగిన కారు కళ్లకు కడుతుంది. దాన్నుంచి మళ్లీ అసలు మోడల్ రాబట్టవచ్చా అంటే, మెష్ వస్తుంది, నలిగిన ఆకారమూ వస్తుంది, ఏ ఎలిమెంట్ ఏ భాగానిదో కూడా తెలుస్తుంది. లోహాన్ని లాగి రాసుకున్న ఆ వక్రరేఖలు మాత్రం రావు. అవి ఫలితంలోకి ఎప్పుడూ ఎక్కలేదు.

ఇంకొక అడ్డంకి కావాలని పెట్టింది. డ్రైవరు సీట్లో కూర్చోబెట్టే డమ్మీ మోడళ్లలో చాలావాటికి పదార్థాల సమాచారం తాళం వేసి ఇస్తారు. ఫైలు తెరిస్తే నోడ్లూ ఎలిమెంట్లూ మామూలుగా ఉంటాయి. పదార్థం దగ్గరికి వచ్చేసరికి "బిగిన్ పీజీపీ మెసేజ్" అని ఒక గీత, దాని కింద అర్థం కాని అక్షరాల గుట్ట. తాళంచెవి సాల్వర్ లోపలే ఉంటుంది, అదీ ఆ ఒక్క సాల్వర్‌లోనే. ఏ బటన్ నొక్కినా ఇది వేరే సాల్వర్‌కు మారదు. అందుకే డమ్మీలు చేసే కంపెనీలు ఒకే డమ్మీని ఒక్కో సాల్వర్‌కు వేరుగా తయారుచేసి, వేరుగా అమ్ముతాయి. వ్యాపారం సంగతి అటుంచితే, ఇది నిజాయితీ గల పద్ధతి అనే నా అభిప్రాయం. మార్చిన డమ్మీని నమ్మడంకన్నా ఆ సాల్వర్‌లోనే మళ్లీ పరీక్షలతో సరిచూసుకున్న డమ్మీ నయం.

ఇప్పుడు కొలమానాలు. ఎల్ఎస్-డైనాకు మీటరంటే ఏమిటో తెలియదు. కిలో తెలియదు, సెకను తెలియదు. దానికి తెలిసింది అంకె ఒక్కటే. బలం అంటే ద్రవ్యరాశిని త్వరణంతో గుణించడం, అంతే. ఆ మూడూ ఒకదానికొకటి కలిసేలా చూసుకోవాల్సింది రాసేవాడు. కార్ల లోకంలో రెండు జట్లు బాగా వాడుకలో ఉన్నాయి. ఒకటి టన్ను, మిల్లీమీటరు, సెకను. అందులో బలం న్యూటన్లలో, ప్రతిబలం (వైశాల్యం మీద పడే బలం) మెగాపాస్కల్‌లో వస్తాయి. రెండోది కిలో, మిల్లీమీటరు, మిల్లీసెకను. అందులో బలం కిలోన్యూటన్, ప్రతిబలం గిగాపాస్కల్. మొదటి జట్టులో ఉక్కు సాంద్రత 7.85 × 10⁻⁹, యంగ్ గుణకం 210000. రెండో జట్టులో సాంద్రత 7.85 × 10⁻⁶, గుణకం 210. తెలియని ఫైలు చేతికొస్తే అనుభవమున్నవాళ్లు ముందు గురుత్వ త్వరణం కార్డు వెతుకుతారు. 9810 అని ఉంటే మొదటి జట్టు, 0.00981 అని ఉంటే రెండోది. కారు తొలి వేగం చూసినా తెలుస్తుంది: గంటకు 56 కిలోమీటర్లు అంటే ఒక జట్టులో 15556, ఇంకో జట్టులో 15.556.

కారు ఒక జట్టులో, డమ్మీ ఇంకో జట్టులో ఉండటం మామూలే. కలిపేటప్పుడు మార్చే వీలు ఎల్ఎస్-డైనాలోనే ఉంది. ఇన్‌క్లూడ్ ట్రాన్స్‌ఫార్మ్ అనే కార్డులో ద్రవ్యరాశికి, కాలానికి, పొడవుకు ఒక్కో గుణకం ఇస్తే పిల్ల ఫైలు మొత్తాన్ని గుణించి తెచ్చుకుంటుంది. రేడియోస్ ఇంకొంచెం ముందుకెళ్లి, ఏ కొలమానాల్లో రాశారో ఫైలు మొదట్లోనే చెప్పమంటుంది. చేత్తో మార్చేవాళ్లు సాంద్రతను, గుణకాన్ని, లోహం లొంగే ప్రతిబలాన్ని సరిగ్గానే మారుస్తారు. కొంప మునిగేది ఎవరూ చూడని మూలలో.

ఒక ఉదాహరణ. ఉక్కును నెమ్మదిగా లాగితే ఒక బలానికి లొంగుతుంది; గుద్దినట్టు లాగితే అంతకంటే ఎక్కువ బలం కావాలి. ఈ తేడాను కూపర్, సైమండ్స్ అనే ఇద్దరి పేరుమీద ఉన్న సూత్రంతో లెక్కిస్తారు. అందులో రెండు స్థిరాంకాలు. మెత్తని ఉక్కుకు మామూలుగా వాడేవి 40, 5. ఇందులో 5 ఉత్త సంఖ్య. 40 అలా కాదు, అది సెకనుకు 40. మిల్లీసెకన్ల జట్టులోకి మారిస్తే అది 0.04 కావాలి. దాన్ని మార్చడం మరిచిపోయి 40గానే ఉంచేశారనుకుందాం. క్రాష్‌లో ఒక రేకు సెకనుకు 100 వంతుల వికృతి (సాగుదల) వేగంతో నలుగుతోంది. సరైన లెక్కలో అది లొంగే బలం 2.2 రెట్లు కావాలి. తప్పిన లెక్కలో అయ్యేది 1.3 రెట్లే. ఇన్ని లక్షల అంకెల్లో ఒక్క అంకె. ప్రోగ్రాం ఆగదు, హెచ్చరిక రాదు, కారు బరువులో ఇసుమంత తేడా ఉండదు. బండి ముందుభాగం కావాల్సినదానికన్నా ఎక్కువ లోపలికి నలుగుతుంది, చూసినవాళ్లు డిజైన్ బలహీనంగా ఉందనుకుంటారు.

కొలమానాలు కుదిరాయి, సాల్వర్ మార్చాలి. నోడ్లు హాయిగా వెళ్లిపోతాయి. నిరూపకాలు ఎక్కడికెళ్లినా నిరూపకాలే. ఎలిమెంట్ ఏ నాలుగు నోడ్లను కలుపుతుందన్నదీ మారదు. రేకు మందం కూడా మారదు. తెర మీద కనబడేది ఈ మూడే కాబట్టి, మార్పిడి పూర్తయిందన్న భ్రమ ఇక్కడే పుడుతుంది.

నాలుగు మూలల ఎలిమెంట్ ఎలా వంగుతుందో చెప్పే గణితం ఒకటే ఉండదు. ఎల్ఎస్-డైనాలో ఆ గడిని ఖాళీగా వదిలితే బెలిచ్కో-సాయ్ ఎలిమెంట్ అని అర్థం. చాలా వేగంగా లెక్కవుతుంది కనుక దశాబ్దాలుగా అదే వాడుక. ఇంకో సాల్వర్‌కు వెళ్తే అచ్చం అదే ఉండదు. దానికి దగ్గర చుట్టం ఉంటుంది. అంతకంటే ఆసక్తి కలిగించేది పక్కనున్న మరో గడి: రేకు మందంలో ఎన్ని చోట్ల ప్రతిబలాన్ని లెక్కించాలి?

రేకు వంగితే ఒక వైపు సాగుతుంది, ఇంకో వైపు నొక్కుకుంటుంది. మందం అంతటా కొన్ని బిందువులు పెట్టి, అక్కడ ప్రతిబలం చూసి, మొత్తం వంపును ఎంత నిరోధిస్తుందో సాల్వర్ కూడుకుంటుంది. ఎల్ఎస్-డైనాలో ఈ గడి ఖాళీగా ఉంటే రెండు బిందువులు, గాస్ అనే గణితజ్ఞుడి పద్ధతిలో. అబాకస్‌లో ఏమీ రాయకపోతే ఐదు బిందువులు, సింప్సన్ పద్ధతిలో. రేకు పూర్తిగా లొంగిపోయి మడత పడిన స్థితికి కాగితం మీద లెక్క వేసి చూడండి. లోహం లొంగాక గట్టిపడదని అనుకుంటే చాలు, లెక్క నాలుగు పంక్తుల్లో అయిపోతుంది. అబాకస్ ఐదు బిందువులు సరిగ్గా అసలు జవాబే ఇస్తాయి. ఎల్ఎస్-డైనా రెండు బిందువులు అసలుకన్నా 15 శాతం ఎక్కువ నిరోధం చూపిస్తాయి. పోనీ మూడు పెడదామంటే, గాస్ పద్ధతిలో 14 శాతం తక్కువ. ఐదు పెడితే 5 శాతం పైచిలుకు తక్కువ. ప్రమాదంలో కారు శక్తిని మింగేది ప్రధానంగా ఈ మడతలే. ఒక ఫైలులోని ఖాళీ గడిని ఖాళీగానే ఇంకో ఫైలులోకి మారిస్తే, ఒక్క అక్షరం తేడా లేకుండా మడతల బలం అంత మారిపోతుంది. మార్చిన సాఫ్ట్‌వేర్‌ది తప్పు అందామా? అది ఉన్నది ఉన్నట్టు మార్చింది. అసలు రాసినవాడు రెండు కావాలనే వదిలేశాడా, పట్టించుకోక వదిలేశాడా అన్నది ఫైలును చూసి ఎవరూ చెప్పలేరు. నన్నడిగితే, ఇతరులకు ఇచ్చే మోడల్లో డిఫాల్ట్ విలువలను కూడా అంకెలుగా రాసి ఇవ్వాలి. గడి నింపడానికి క్షణం పట్టదు.

రాసిన అంకెలు కూడా అన్నిచోట్లా ఒకేలా పలకవు. లోహాన్ని లాగి తెచ్చిన వక్రరేఖనే తీసుకోండి. అది ఏదో ఒక వికృతి దగ్గర ఆగిపోతుంది, ఎందుకంటే నమూనా అక్కడ తెగింది. క్రాష్‌లో ఒక మూల రేకు ఆ హద్దు దాటి నలిగితే? అబాకస్ వక్రరేఖ చివరి విలువనే పట్టుకుని ముందుకు గీత గీస్తుంది. అక్కడి నుంచి లోహం గట్టిపడదు. ఎల్ఎస్-డైనా చివరి రెండు బిందువుల వాలును పట్టుకుని అలాగే పైకి పోతుంది. ఒకే పట్టిక, ఇద్దరి చేతిలో రెండు లోహాలు. దీనికి తోడు ఎల్ఎస్-డైనా మనమిచ్చిన వక్రరేఖను యథాతథంగా వాడదు, మామూలుగా దాన్ని సమాన దూరాల్లో వంద బిందువులుగా తిరగరాసుకుని వాడుతుంది. లొంగుబాటు మొదలయ్యే చోట వక్రరేఖ బాగా వంపు తిరిగి ఉండి, చివర చాలా దూరం సాగదీసి ఉంటే, ఆ వంద బిందువుల మధ్య మొదటి వంపు నలిగిపోతుంది.

వెల్డింగ్ చుక్కలు మరో తలనొప్పి. కారు రేకులను వేలకొద్దీ స్పాట్ వెల్డులు పట్టుకుని ఉంటాయి. ఎల్ఎస్-డైనాలో వాటిని చిన్న బీమ్‌గానో ఇటుకగానో పెట్టి, దాని రెండు కొసలను రేకులకు అతికించే ఒక ప్రత్యేక కాంటాక్ట్ రాస్తారు. రేడియోస్ వాళ్ల అలవాటు స్ప్రింగు లాంటి ఎలిమెంట్, దానికి వేరే రకం అతుకు. ఏ బలానికి వెల్డ్ ఊడాలి అన్న నియమం రెండింటిలో రెండు సూత్రాలు. మార్చినప్పుడు కొన్ని కొసలు ఏ రేకుకూ అంటుకోకుండా గాలిలో మిగిలిపోతాయి. తెర మీద తెలియదు. సాల్వర్ మొదలవగానే రాసే జాబితాలో "ఈ నోడ్‌కు అతికేది దొరకలేదు" అనే హెచ్చరికలు వందల్లో ఉంటాయి. వాటిని చదవకుండా ముందుకెళ్లినవాళ్లకు నలభయ్యో మిల్లీసెకను దగ్గర బానెట్ విడిపోయి ఎగిరిపోతుంది.

ఒక రేకు ఇంకో రేకులోకి దూరకుండా చూసేది కాంటాక్ట్. మామూలుగా ఎల్ఎస్-డైనాలో దూరిన లోతుకు అనుపాతంగా వెనక్కి తోసే బలం వస్తుంది, అంటే మామూలు స్ప్రింగు. రేడియోస్‌లో ఎక్కువగా వాడే టైప్ 7 కాంటాక్ట్ అలా కాదు. దూరే కొద్దీ అది బిగుసుకుంటూ పోయి, మందం అంచుకు చేరేసరికి అనంతమవుతుంది. దూరడం దాదాపు అసాధ్యం. బాగానే ఉంది. కానీ అసలు మోడల్లో మొదట్నుంచే రెండు రేకులు పావు మిల్లీమీటరు ఒకదాంట్లో ఒకటి దూరి ఉంటే? ఎల్ఎస్-డైనా దాన్ని సర్దుకుపోయి ఉంటుంది. రేడియోస్ ఆ చోట గట్టిగా తోయబోతుంది, దాంతో లెక్కింపు అడుగు కుంచించుకుపోతుంది, రాత్రికి అయిపోవాల్సిన పరుగు వారం చూపిస్తుంది.

ఆ అడుగు సంగతి చెప్పకపోతే ఇది అర్థం కాదు. 1928లో కూరాంట్, ఫ్రీడ్రిక్స్, లెవీ అనే ముగ్గురు గణితజ్ఞులు తేల్చిన నియమం ఒకటుంది. ఇలాంటి లెక్కలో ఒక్క అడుగులో ధ్వని తరంగం ఒక ఎలిమెంట్‌ను దాటి పోకూడదు. ఉక్కులో ధ్వని వేగం సెకనుకు సుమారు 5 కిలోమీటర్లు. ఎలిమెంట్ 5 మిల్లీమీటర్లైతే అడుగు ఒక మైక్రోసెకను. ప్రమాదం 150 మిల్లీసెకన్లు. అంటే లక్షన్నర అడుగులు, ఒక్కో అడుగులో 15 లక్షల ఎలిమెంట్లు. ఎక్కడో ఒక మూల అర మిల్లీమీటరు ఎలిమెంట్ మిగిలిపోతే మొత్తం కారు దానికోసం పది రెట్లు నెమ్మదిగా నడవాలి. ఇంజనీర్లు దీనికొక గడుసు ఉపాయం కనిపెట్టారు: ఆ చిన్న ఎలిమెంట్లకు కాస్త బరువు కలిపితే ధ్వని నెమ్మదిస్తుంది, అడుగు నిలబడుతుంది. ఎంత బరువు, ఎక్కడ కలపాలి అన్నది మళ్లీ ఒక్కో సాల్వర్ ఒక్కో తీరు. ఎల్ఎస్-డైనా ఎలిమెంట్‌కు కలుపుతుంది, రేడియోస్‌లో సాధారణంగా నోడ్‌కు కలుపుతారు. మార్చిన మోడల్లో ఈ కలిపిన బరువు బంపర్ కొసనో ముందు దూలమైన సైడ్ మెంబర్ మీదనో చేరితే ఆ భాగం గుద్దే తీరే మారుతుంది.

మరి మార్చినదాన్ని ఎలా నమ్మాలి? పెద్ద పరుగుకు ముందు చిన్నవి. ఒక్క ఎలిమెంట్‌ను రెండు సాల్వర్లలో లాగి, ప్రతిబలం-వికృతి రేఖలు ఒకదాని మీద ఒకటి కూర్చుంటున్నాయో లేదో చూస్తారు. ఒక చదరపు గొట్టాన్ని నిలువునా నలిపి మడతలు లెక్కపెడతారు. మొత్తం బరువు, గరిమనాభి సరిపోల్చుతారు. తర్వాత మొదటి అడుగు దగ్గర గతిజశక్తి. 1100 కిలోల కారు గంటకు 56 కిలోమీటర్ల వేగంతో వస్తే అది 133 కిలోజౌళ్లు ఉండాలి. టన్ను-మిల్లీమీటరు జట్టులో తెర మీద 1.33 × 10⁸ అని పడాలి. అది పడకపోతే ఇంకేమీ చూడనక్కర్లేదు. పడితే, ఆ గతిజశక్తి తగ్గుతూ అంతర్గత శక్తిగా మారుతోందా, మొత్తం నిలకడగా ఉందా అని చూస్తారు. ఎలిమెంట్లు అబద్ధపు గళ్ల ఆకారంలో మెలికలు తిరగకుండా ఆపడానికి ఖర్చయ్యే శక్తి, అంటే అవర్‌గ్లాస్ శక్తి, అంతర్గత శక్తిలో ఏ పది శాతానికో మించితే ఫలితాన్ని పక్కన పెట్టేస్తారు.

రెండు సాల్వర్ల జవాబులు అక్షరాలా కలవాలని పట్టుబట్టడం మాత్రం అత్యాశ. ఒకే ఫైలును ఒకే సాల్వర్‌లో 16 కోర్ల మీద ఒకసారి, 32 కోర్ల మీద ఒకసారి నడిపినా తేడా రావచ్చు. కూడికల క్రమం మారుతుంది, చివరి దశాంశంలో చిన్న తేడా వస్తుంది. నిలువుగా నొక్కిన రేకు ఎడమకు వంగాలా కుడికి వంగాలా అని తూగే క్షణంలో ఆ చిన్న తేడాయే తీర్పు చెబుతుంది. అక్కడి నుంచి మడతల వరస మారిపోతుంది. కాబట్టి మార్చిన మోడల్‌ను పాత మోడల్‌తో పోల్చడం సగం పనే. గోడను నిజంగా గుద్దిన కారు ఎక్కడ నలిగింది, సీటు కింద త్వరణం ఎలా పెరిగి తగ్గింది అన్నవాటితో రెండింటినీ పోల్చాలి. యారిస్ విలువంతా అక్కడే ఉంది. అమెరికా వాహన భద్రతా సంస్థ చేసిన అసలు పరీక్షల కొలతలు బహిరంగంగా దొరుకుతాయి.

సాల్వర్ల యజమానులు మారుతూనే ఉన్నారు. ఎల్ఎస్-డైనాను 2019లో ఆన్సిస్ కొంది, ఆన్సిస్‌ను 2025లో సినాప్సిస్ కొంది. రేడియోస్ 2006లో ఆల్టెయిర్ చేతికి వచ్చింది, ఆల్టెయిర్ 2025లో సీమెన్స్‌కు వెళ్లింది. పామ్-క్రాష్ చేసిన ఈఎస్ఐని 2023లో కీసైట్ తీసుకుంది. లైసెన్సు ధర ఎప్పుడు ఎటు పోతుందో తెలియని చోట మార్పిడి నేర్చుకోక తప్పదు. హ్యుందాయ్ ఇంజనీరింగ్ కేంద్రం హైదరాబాద్‌లో ఉంది. ఇంకా ఎన్నో విదేశీ కంపెనీల డిజైన్ కార్యాలయాలూ అక్కడే ఉన్నాయి. మన ఇంజనీర్లలో మెష్ వేయడంతో ఉద్యోగం మొదలుపెట్టినవాళ్లు చాలామంది. 2023 అక్టోబరులో అమల్లోకి వచ్చిన భద్రతా పథకం భారత్ ఎన్‌క్యాప్ కార్లకు నక్షత్రాలివ్వడం మొదలయ్యాక, ఇక్కడి కార్ల కోసమూ ఈ పని పెరిగింది.

విద్యార్థులకు ఒక మంచి వార్త ఉంది. 2022 సెప్టెంబరులో ఆల్టెయిర్ రేడియోస్ సాల్వర్‌ను ఓపెన్‌రేడియోస్ పేరుతో సోర్స్ కోడ్‌తో సహా బయట పెట్టింది. అది ఎల్ఎస్-డైనా కీవర్డ్ ఫైళ్లను చాలావరకు నేరుగా చదువుతుంది. మధ్యలో మార్పిడి సాఫ్ట్‌వేర్ కొనక్కర్లేదు. ఫలితాలను పారావ్యూ అనే ప్రోగ్రాంలో చూసే రూపంలోకి మార్చే చిన్న ప్రోగ్రాం కూడా దాంతోనే వస్తుంది. తెరిచి చూసుకోవడానికి ఎల్ఎస్-ప్రీపోస్ట్ ఉచితం. యారిస్ ఉచితం. మామూలు ల్యాప్‌టాప్ మీద మొత్తం కారుకు చాలా ఓపిక కావాలి గానీ, ముందు ఒక్క సైడ్ మెంబర్‌ను విడదీసి గోడకు గుద్దిస్తే సాయంత్రానికి జవాబు వస్తుంది. సాల్వర్లో ముందుగా ఫైలును చదివే భాగం స్టార్టర్. అది ఆగగానే రాసిన అవుట్ ఫైలు తెరవండి. తనకు అర్థం కాని కీవర్డులు, తాను వదిలేసిన గడులు, తాను పెట్టుకున్న డిఫాల్ట్‌లు అందులో చూసుకోవచ్చు. యానిమేషన్ నడిపేముందు దాన్ని చదవండి, పెన్సిలు దగ్గర పెట్టుకుని.